పద పరిచయం: సరిఖా

షరీఅత్ పరిభాషలో దొంగతనాన్ని ‘సరిఖా’ అంటారు. అరబీలో ఈ మాటకు మూలార్థం చాటుగా తీసుకోవడం. ఊర్ధ్వలోకపు మాటలను దొంగచాటుగా వినజూసే షైతానుల ప్రస్తావనలో దివ్యఖుర్ఆన్ ఈ ధాతువునే ప్రయోగించింది (15:18). చేతిని ఖండించే శిక్ష (5:38) ఈ సరిఖాకే వర్తిస్తుంది. బాహాటంగా లాక్కోవడం ‘గసబ్’, నమ్మి అప్పగించిన సొమ్మును కాజేయడం ‘ఖియానత్’. అవీ పాపాలే, కాని వాటి పేరు వేరు, తీర్పు వేరు.

సరిఖా అనిపించుకోవాలంటే సొత్తు ‘హిర్జ్’లో, అనగా తగిన భద్రతలో ఉండాలని, దాని విలువ నిర్ణీత పరిమితికి చేరాలని అధికసంఖ్యాక ధర్మవేత్తలు నిర్ణయించారు. చెట్టున వేలాడే పండ్ల గురించి దైవప్రవక్త (స)ను అడిగినప్పుడు ఆయన మూడు స్థితులు వివరించారు. అవసరంలో ఉన్నవాడు మూటకట్టుకోకుండా అక్కడే తింటే తప్పులేదు. వెంట తీసుకుపోతే రెట్టింపు పరిహారం, శిక్ష. కళ్లానికి చేర్చిన తరువాత డాలు వెల చేసేంత దొంగిలిస్తే అది సరిఖా.

మందస, పలాస ప్రాంతాల జీడి, కొబ్బరి తోటల నడుమ బతికే మనకు ఈ విభజన సులభంగా బోధపడుతుంది. చెట్టున ఉన్న జీడిపిక్కకూ కళ్లంలో ఆరబోసిన పిక్కకూ హిర్జ్ ఒకటి కాదు. యజమాని హక్కు మాత్రం రెండింటిలోనూ ఒక్కటే.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఉద్దానం తోటలను నేలకూల్చింది. అటువంటి వేళ కంచె ఉండదు, కాయలు దారిలో పడి ఉంటాయి. అవి ఎవరివైనా కావచ్చునా? కాదు. హిజ్రీ 18 నాటి కరువులో హజ్రత్ ఉమర్ (రజి) ఆకలిగొన్నవారిపై ఈ శిక్షను నిలిపివేశారు; పరుల సొమ్మును హలాల్ చేయలేదు. తోట కోల్పోయిన రైతుకు మిగిలినవి ఆ రాలిన కాయలే.

మన దేశంలో నేరానికి శిక్ష విధించేది న్యాయస్థానం. దొంగతనానికి భారతీయ న్యాయ సంహిత 303వ సెక్షను వర్తిస్తుంది. కాని తీసుకున్నదాన్ని యజమానికి తిరిగి ఇవ్వడమో, క్షమాపణ కోరి మాఫీ పొందడమో జరగనిదే తౌబా పూర్తికాదు. ‘రాలినవే కదా’ అంటూ పిల్లలు ఒడిలో పిక్కలు తెచ్చిన రోజున, వారిని వెంటబెట్టుకుని ఆ తోట యజమాని ఇంటికి వెళ్లాలి.