చదివింది సరే, సాక్ష్యమేదీ?

ఇంటర్నెట్ మీదికి వదిలేస్తే చాలు, యంత్రం తనంతట తానే చదువుకుని పండితుడైపోతుందట! ఈ మాట అమ్ముకుంటున్న వాళ్లు ఒక పాత కథ వినాలి.

2010 జనవరిలో పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో టామ్ మిచెల్ బృందం 'నెల్' అనే ప్రోగ్రామును మొదలుపెట్టింది. ఊళ్లు, కంపెనీలు, ఆటగాళ్లు అంటూ వందల వర్గాలిచ్చి, ఒక్కోదానికి పదో పదిహేనో ఉదాహరణలు చూపి, రాత్రింబవళ్లు వెబ్ పేజీలు చదవమన్నారు. చాలా వర్గాల్లో బాగానే నేర్చింది. కానీ బ్రౌజర్ కుకీలను తినే కుకీలనుకుంది. వాటిని 'డిలీట్ చేశాను' అని ఎవరో రాసింది చదివి, డిలీట్ చేసే ఫైళ్లు కూడా బేకరీ సరుకే అని తేల్చింది. ఒక తప్పు మరో తప్పుకు గురువైంది. చదవేస్తే ఉన్న మతి పోవడమంటే ఇదే! మొదటి ఆరు నెలలు వేలు పెట్టని పరిశోధకులు చివరికి కూర్చుని దిద్దాల్సి వచ్చింది.

అయినా నెల్‌ను నేను ఎగతాళి చేయను. తాను నేర్చిన ప్రతిదాని మీదా తనకు నమ్మకమెంతో, అది ఎక్కడ దొరికిందో బయటపెట్టేది. తప్పయితే చెప్పమని జనాన్ని అడిగేది. ఇప్పటి వ్యాపారులు ముందుగా వదిలించుకున్నది ఆ వినయాన్నే. 2024 మేలో గూగుల్ ఏఐ సమాధానాలు, చీజ్ జారకుండా పిజ్జా సాస్‌లో జిగురు కలపమన్నాయి. దానికి ఆధారం రెడిట్ అనే చర్చావేదికలో ఎవరో ఏళ్ల కిందట విసిరిన వేళాకోళం. రోజుకో చిన్న రాయి తినమన్నాయి. దానికి ఆధారం 'ది ఆనియన్' అనే వ్యంగ్య పత్రిక. ఇవి ఎవరూ పెద్దగా అడగని ప్రశ్నలని గూగుల్ సర్దిచెప్పుకుంది. అందరికీ తెలిసిన సంగతి చెప్పడానికి యంత్రమెందుకు? మనిషి వెతుక్కునేదే తెలియని సంగతి కోసం!

అసలు రోగం లెక్కింపులో ఉంది. పదిచోట్ల కనిపిస్తే నిజమేనట! ఒకడు రాసింది తొమ్మిదిమంది ఎత్తిరాస్తే సాక్షి ఒక్కడే. పైగా ఇప్పుడు యంత్రాలు రాసిందే వెబ్‌లోకి చేరుతోంది, దాన్నే మళ్లీ యంత్రాలు చదువుతున్నాయి. తన అబద్ధానికి తానే రెండో సాక్షిగా బోనెక్కే వాణ్ని ఏ న్యాయస్థానం నమ్ముతుంది?

ప్రతి నిజానికీ ఒక తేదీ కూడా ఉంటుంది. నిన్నటి మంత్రి ఇవాళ మాజీ. కొత్తది చేర్చుకోవడమే తెలిసి, పాతది కొట్టేయడం తెలియని యంత్రం ఎంత చదివితే అంత బూజు పడుతుంది.

కాబట్టి అడగాల్సింది అడుగుదాం. ప్రతి సంగతికీ మూలం చూపండి. తేదీ వేయండి. తప్పని తేలితే దాన్నీ, దాని మీద కట్టిన తీర్మానాలన్నిటినీ వెనక్కి తీసుకునే దారి పెట్టండి. దిద్దే మనుషులకు జీతాలివ్వండి. ఇదంతా ఖర్చంటారా? అయితే ఆ సరుకును జ్ఞానమని అమ్మే హక్కు మీకు లేదు.