ఆడపిల్ల ఆట ఎవరి ఖర్చు?

డబ్బున్నవాళ్లయితే తప్ప పిల్లల్ని ఆటల్లో పెట్టవద్దని పుల్లెల గోపీచంద్ 2025 ఫిబ్రవరిలో తల్లిదండ్రులకు సలహా ఇచ్చారు. సైనా నెహ్వాల్‌, పి.వి. సింధులకు శిక్షణ ఇచ్చిన మనిషి మాట కాబట్టి అందులోని నిజాయితీని చాలామంది మెచ్చుకున్నారు. నిజాయితీ ఉంది, కాదనను. కానీ ఆ సలహా మన ఇళ్లలోకి వచ్చాక ఏమవుతుంది? కొడుకూ కూతురూ ఉన్న ఇంట్లో ముందుగా ఎవరి ఆట ఆగిపోతుంది?

ప్రైవేటు అకాడమీకి ఫీజు కట్టడం లాభమా, దండగా అన్న చర్చను ఆ రూపంలోనే ఒప్పుకోవడానికి నాకు అభ్యంతరం ఉంది. పెట్టిన డబ్బు తిరిగొస్తుందా అన్నది వ్యాపారి వేసే ప్రశ్న. ఆడపిల్ల విషయంలో దానికి జవాబు మన సమాజం ఎప్పుడో చెప్పేసింది: పరాయింటికి పోయే పిల్ల కదా! కొడుక్కి కట్టే ఫీజు పెట్టుబడి. కూతురికి కట్టేది ఖర్చు, అదీ కట్నానికి దాచిన దాంట్లోంచి తీసిన ఖర్చు. ఇక తెల్లవారకముందే లేచి టిఫిన్ కట్టి, పిల్లని మైదానానికి తీసుకెళ్లి, అక్కడే కాపలా కూర్చునే తల్లి శ్రమ ఏ రసీదులోనూ కనిపించదు.

సింధుని చూడమంటారు. చూద్దాం. ఆమె తల్లిదండ్రులిద్దరూ వాలీబాల్ క్రీడాకారులు. ఆట అంటే ఏమిటో, ఎవరి దగ్గరికి వెళ్లాలో తెలిసిన ఇల్లు అది. అలాంటి ఇల్లు లేనివాళ్లు ఎలా వచ్చారు? 2023లో 100 మీటర్ల హర్డిల్స్‌లో ఆసియా చాంపియన్ అయిన జ్యోతి యర్రాజి విశాఖలో ఒక సెక్యూరిటీ గార్డు కూతురు. 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగులో కాంస్యం తెచ్చిన జీవంజి దీప్తి వరంగల్ జిల్లా కల్లెడలో కూలీల బిడ్డ. ఇద్దరికీ హైదరాబాద్‌లో శిక్షణ ఇచ్చింది స్పోర్ట్స్ అథారిటీ కోచ్ నాగపురి రమేశ్. నిజామాబాద్‌లో బాక్సింగ్ మొదలుపెట్టిన నిఖత్ జరీన్ కూడా విశాఖలోని స్పోర్ట్స్ అథారిటీ శిక్షణ మీదుగానే వెళ్లి 2022లో ప్రపంచ చాంపియన్ అయింది. వీళ్లకు దారి వేసింది ప్రజల సొమ్ము.

ప్రైవేటు అనేది కూడా పూర్తిగా ప్రైవేటు కాదు. గచ్చిబౌలిలో 2008లో మొదలైన గోపీచంద్ అకాడమీకి స్థలం, 5 ఎకరాలు, ఇచ్చింది ప్రభుత్వమే. ప్రజల భూమి తీసుకున్న ప్రతి అకాడమీనీ ఎంతమంది పేద ఆడపిల్లలకు ఉచితంగా నేర్పుతున్నారని అడిగే హక్కు మనకుంది.

అడగవలసింది ఇంకొకటుంది. పని స్థలంలో లైంగిక వేధింపుల నిరోధానికి వచ్చిన 2013 చట్టం క్రీడాసంస్థల్ని, స్టేడియాల్ని కూడా పని స్థలాలుగానే లెక్కించింది. 10 మంది లేక అంతకు మించి ఉద్యోగులున్న చోట అంతర్గత కమిటీ ఉండి తీరాలి. లేని చోట జిల్లాలోని స్థానిక కమిటీ ఉంది. 18 ఏళ్లు నిండని పిల్లలకు 2012 నాటి పోక్సో చట్టం ఉంది. అయినా 2023లో దేశానికి పతకాలు తెచ్చిన మహిళా రెజ్లర్లే న్యాయం కోసం జంతర్ మంతర్ దగ్గర రోడ్డు మీద కూర్చోవలసి వచ్చింది. వాళ్లకే అలా ఉంటే, చిన్న ఊళ్లో అద్దె కోర్టులో నేర్చుకునే పన్నెండేళ్ల పిల్ల ఎవరికి చెప్పుకుంటుంది? జట్టులోకి పంపేదీ, పంపనిదీ కోచ్. ఇంట్లో చెబితే కోచ్‌ని కాదు, ఆమెనే మాన్పిస్తారు. ఫీజు కట్టినంత మాత్రాన ఈ భయం పోదు. ఇంత డబ్బు పోసిన ఇంట్లో నోరు విప్పడం ఇంకా కష్టమవుతుంది.

కాబట్టి ఏ అకాడమీ మంచిది అన్న వెతుకులాటతో మన పని అయిపోదు. మీ మండలంలోని హైస్కూలుకి మైదానం ఉందా, దాంట్లో ఆడపిల్లలు ఆడుతున్నారా, వ్యాయామ ఉపాధ్యాయురాలి పోస్టు భర్తీ అయిందా, వాడుకునేలా మరుగుదొడ్డి ఉందా, సంఘం సమావేశాల్లో ఇవి అడగండి. అకాడమీ గోడ మీద పతకాల ఫొటోల పక్కన కమిటీ సభ్యుల పేర్లు, ఫోన్ నంబర్లు ఉన్నాయేమో చూడండి. ఆట ఆడపిల్ల హక్కు. తండ్రి సంపాదనను బట్టి, అన్నయ్య ఫీజు కట్టాక మిగిలినదాన్ని బట్టి దొరికేదాన్ని హక్కు అనలేం.