రిలే సెట్టింగు: అంకె వెనుకనున్న కారణం

మేము తెలుగు బోధించేవారం. విద్యుత్ సబ్‌స్టేషనులోని రిలేను గురించి మేము వ్రాయబూనడం చూచి సైన్సు శాఖలోని మిత్రులు నవ్వుకొనవచ్చు. అయితే గత సంవత్సరం మన పూర్వవిద్యార్థి ఒకడు, 33/11 కె.వి. సబ్‌స్టేషనులో షిఫ్టు ఆపరేటరుగా ఉన్నవాడు, ఒక కాగితం తెచ్చి మా బల్లమీద పెట్టాడు. "సార్, ఏ మీట నొక్కాలో తెలుసు. ఎందుకు నొక్కాలో తెలియదు. దీన్ని తెలుగులో చెప్పండి" అన్నాడు. అది ఒక ఫీడరు రిలే సెట్టింగు పత్రం. దానిని పట్టుకొని మేము ఫిజిక్సు శాఖకూ, అక్కడినుండి పరిచయస్థుడైన ఒక ఇంజనీరు ఇంటికీ తిరిగాము. ఈ నాలుగు మాటలూ ఆ తిరుగుడు ఫలమే.

రిలే స్వయంగా కరెంటును ఆపదు, ఆపేది బ్రేకరు. రిలే చూస్తుంది, లెక్కిస్తుంది, బ్రేకరుకు ఆజ్ఞ ఇస్తుంది. పూర్వపు రిలేలో ఒక లోహపు బిళ్ళ తిరిగేది. ప్లగ్గును ఒక రంధ్రంలోనుండి మరొక రంధ్రంలోకి మార్చి, డయలు త్రిప్పి దానికి హద్దులు నేర్పేవారు. అమెరికాలో ఎడ్మండ్ ష్వైట్జర్ స్థాపించిన సంస్థ 1984లో మైక్రోప్రాసెసరు రిలేను విపణిలోనికి తెచ్చింది. నేడు చిన్న తెర, నాలుగు మీటలు, ఒక పాస్‌వర్డు. అందులో ఒకటికి మించి సెట్టింగు వరుసలు దాచుకోవచ్చు. ఏ క్షణాన ఏమి జరిగిందో సెకనులో వెయ్యవవంతు వరకు అది జ్ఞాపకం ఉంచుకొంటుంది. మనుష్యులలో అంతటి జ్ఞాపకశక్తి గలవారు అరుదు. కాని ఎందుకు జరిగిందని అడిగితే అది మౌనం వహిస్తుంది.

ఆ పత్రంలోని లెక్కను మాకు అర్థమైనంతలో చెబుతాము. పికప్ 400 ఆంపియర్లు, టైమ్ మల్టిప్లయరు 0.1, వక్రరేఖ స్టాండర్డ్ ఇన్వర్స్. అనగా తీగలో 800 ఆంపియర్లు పారితే రిలే సుమారు 1 సెకను ఓర్చుకొంటుంది. 4000 పారితే సుమారు 0.3 సెకనులో వేటు వేస్తుంది. అపరాధం పెద్దదైనకొద్దీ ఓర్పు తగ్గుతుందన్నమాట. ఫీడరుకు వెనుకనున్న రిలే మరికొంత, సాధారణంగా 0.3 సెకను మేర, ఎక్కువ ఓర్చుకోవాలి. లేనిచో ఒక ఊరి తీగ తెగితే పది ఊళ్ళు చీకటిలో పడతాయి. ఇక సి.టి. నిష్పత్తి ఉన్నది. 400/1 సి.టి.ని తీసి 800/1 పెట్టి, రిలేలో పాత నిష్పత్తినే వదిలివేస్తే, నిజమైన 800 ఆంపియర్లు దాని కంటికి 400గా కనిపిస్తాయి. యంత్రం చెడలేదు, తీగ చెడలేదు. చెప్పిన మాట పాతబడింది.

మన విద్యార్థి చెప్పిన సంగతి ఒకటి మమ్మల్ని చాలాకాలం కలచివేసింది. వానకాలంలో ఒక ఫీడరు పదే పదే ట్రిప్పు అవుతూ ఉంటే, రైతుల కేకలు పడలేక ఎవరో ఎర్త్ ఫాల్ట్ సెట్టింగును పెంచారట. ఎవరు పెంచారో, ఎంతకు పెంచారో పుస్తకంలో లేదు. ట్రిప్పులు ఆగిపోయాయి, అందరూ సంతోషించారు. కొన్నాళ్ళకు తీగ తెగి పొలంలో పడినప్పుడు నేలలోనికి దిగిన కరెంటు ఆ పెంచిన హద్దును చేరలేదు. రిలే కదలలేదు. పొద్దున్నే దున్నడానికి వెళ్ళిన కాడి ఎద్దులు రెండూ అక్కడే పడిపోయాయి. రైతు నాలుగు అడుగులు వెనుక నడుస్తున్నాడు కనుక బ్రతికాడు.

ఇది కేవలం మన పల్లెల అజ్ఞానమని ఎవరైనా అనుకొంటే పొరపాటు. 1965 నవంబరు 9వ తేదీ సాయంత్రం 5 గంటల 16 నిమిషాలకు కెనడాలోని నయాగరా తీరాన, సర్ ఆడమ్ బెక్ విద్యుత్కేంద్రంలో ఒక రిలే 230 కె.వి. లైను నొకదానిని త్రెంచింది. లైనులో లోపమేమీ లేదు. 1963లో, బరువు తక్కువగా ఉన్న రోజులలో పెట్టిన హద్దును అది నమ్మకంగా పాటించింది. మిగిలిన నాలుగు లైన్లూ ఆ బరువు మోయలేక క్షణాలలో విడిపోయాయి. న్యూయార్కు నగరంతో సహా సుమారు 3 కోట్ల జనం చీకటిలో పడ్డారు. కొన్నిచోట్ల 13 గంటలు. తరువాతి విచారణలో తేలినది ఇదే: ఆ రిలే ఎంత బరువుకు కదులుతుందో దానిని నడిపేవారికే తెలియదు.

మన దేశంలో 2012 జులై 30వ తేదీ తెల్లవారుజామున 2 గంటల 33 నిమిషాలకు ఉత్తరాది గ్రిడ్డు కూలడం చాలామందికి జ్ఞాపకముండవచ్చు. బీనా–గ్వాలియర్ 400 కె.వి. లైనుపై అతిభారాన్ని డిస్టెన్స్ రిలే మూడవ జోనులోని లోపంగా భావించి లైనును విడదీసింది. మరునాడు ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్లు మూడూ కూలినప్పుడు చీకటిలో పడినవారు సుమారు 60 కోట్లు. దక్షిణాది గ్రిడ్డు అప్పటికింకా దేశపు గ్రిడ్డుతో ఏకం కాలేదు కనుక మనం ఆ రోజు తప్పించుకొన్నాము. 2013 డిసెంబరు 31న రాయచూరు–షోలాపూరు లైనుతో అదీ ఏకమైంది. ఇకముందు ఆ సాకు లేదు.

సెట్టింగు నిర్ణయించడం ఇంజనీర్ల పని, షిఫ్టువారికి ఆ సంగతి ఎందుకని కొందరంటారు. మార్చే అధికారం వారికి ఉండకూడదన్న మాటను మేమూ ఒప్పుకొంటాము; పాస్‌వర్డు తాళంచెవి వంటిది, అందరి జేబులలో ఉండరాదు. కాని తాను కాపలా కాస్తున్న అంకె అర్థం తెలియనివాడు అది తప్పయినప్పుడు ఎలా కనిపెడతాడు? రైతు వచ్చి కేకలు వేసినప్పుడు, ఇది పెంచకూడదని ఏ ధైర్యంతో చెబుతాడు?

ఇక్కడే భాష సంగతి వస్తుంది. 1917లో హైదరాబాదులో నెలకొల్పిన అనువాద సంస్థ శాస్త్రాలను ఉర్దూలోకి తెచ్చింది. ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆ భాషలోనే ఉన్నతవిద్య గరపింది. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి తెలుగులో పాఠ్యగ్రంథాలు, పదకోశాలు వెలువరించింది. అయినా మన పిల్లవాడి చేతికి వచ్చిన కాగితంలో ఈ రెండు భాషలలోనూ ఒక్క వాక్యం లేదు. రిలేకు, బ్రేకరుకు, ఫీడరుకు కొత్త పేర్లు పెట్టమని మేము కోరడం లేదు. ఆ మాటలు ఎప్పుడో మనవైనవి, ఊళ్ళో లైన్‌మన్‌కు తెలియనివి కావు. పేర్లు ఎలాగైనా ఉండనివ్వండి. కారణం మాత్రం మనిషి ఆలోచించే భాషలో ఉండాలి.

కమిటీ పెద్దలకు మా మనవి చిన్నది. ప్రయోగశాలకు ఒక పాత బిళ్ళ రిలేను, ఒక కొత్త రిలేను సంపాదించి, వారానికి ఒక గంట కేటాయించండి. విద్యార్థి తానే పికప్ పెట్టి, కరెంటు పంపి, గడియారంతో కొలిచి, ఎందుకు అంత పెట్టాడో అరపేజీ తెలుగులోగాని ఉర్దూలోగాని వ్రాయాలి. ఆ అరపేజీలను దిద్దడానికి మేమూ, మా ఉర్దూ శాఖ సహచరులూ సిద్ధమే. భవనానికి రంగు వేయించే పనిని ఒక సంవత్సరం ఆపినా నష్టం లేదని మా అభిప్రాయం.

ఆ పూర్వవిద్యార్థి మా వద్ద వ్రాసుకొన్న వివరణను రెండు భాషలలో అట్టమీద ఎక్కించి ప్యానెలు ప్రక్కన తగిలించాడట. పైఅధికారి వచ్చి ఆసాంతం చదివి, సి.టి. నిష్పత్తి దగ్గర ఆగి, లోపలి రిలేలో ఉన్న అంకెను చూపించమన్నాడు. రెండూ సరిపోలలేదు.