కాపురం ఇద్దరిది, దస్తావేజు ఎవరిది?

విడాకులు మంజూరైననాడు ఇల్లు చెరిసగం అవుతుందని చాలామంది దంపతులు నమ్ముతారు. గోవా, డామన్, డయ్యూలను మినహాయిస్తే మన దేశంలో ఆ నమ్మకానికి చట్టంలో ఆధారం లేదు. గోవాలో 1867 నాటి పోర్చుగీసు సివిల్ కోడ్ ఈనాటికీ అమలులో ఉన్నది. వివాహానికి ముందు వేరే ఒడంబడిక చేసుకోని దంపతుల ఆస్తి అక్కడ ఉమ్మడిదవుతుంది. మిగిలిన ప్రాంతాలలో మాత్రం పెళ్ళి జరిగినంత మాత్రాన భర్త ఆస్తి భార్యది కాదు, భార్య ఆస్తి భర్తది కాదు.

1955 నాటి హిందూ వివాహ చట్టంలోని 27వ సెక్షను పేర్కొన్నది ఒక్కటే: వివాహ సమయంలోగాని, ఆ దరిదాపులలోగాని బహూకరింపబడి, ఇద్దరికీ ఉమ్మడిగా చెందిన ఆస్తి. తరువాత కష్టార్జితంతో కొనుక్కున్న ఇంటి ప్రస్తావన అందులో లేదు. న్యాయస్థానం శాశ్వత మనోవర్తి ఇప్పించవచ్చు. అవసరమైతే దానిని ఎదుటివారి స్థిరాస్తిపై భారంగా విధించవచ్చు. అయితే మనోవర్తి పొందడం వేరు, ఇంటికి హక్కుదారు కావడం వేరు.

వాయిదాలు ఒకరివి, వెచ్చాలు ఒకరివి

మధ్యతరగతి కాపురాలలో తరచు కనిపించే ఏర్పాటు ఇది. భర్త జీతం ఇంటి ఋణం వాయిదాలకు పోతుంది. భార్య జీతం వెచ్చాలకు, పిల్లల ఫీజులకు, మందులకు ఖర్చవుతుంది. ఆమె ఇవి భరించినందువల్లనే అతడు అవి కట్టగలుగుతాడు. పదిహేనేళ్ళ తరువాత వారు విడిపోయిన యెడల అతని చేతిలో బ్యాంకు రసీదులు, అతని పేర దస్తావేజు ఉంటాయి. ఆమె చేతిలో తీరిపోయిన కిరాణా పద్దులు ఉంటాయి. ఉద్యోగం మానుకుని ఇల్లు నడిపిన గృహిణికి ఆ పద్దులైనా ఉండవు.

2023 జూన్‌లో మద్రాసు హైకోర్టు ఒక వ్యాజ్యంలో గృహిణి చాకిరీ కూడా ఆస్తి సంపాదనకు తోడ్పాటేనని గుర్తించి, భర్త సంపాదనతో కొన్న ఆస్తులలో ఆమెకు సమాన భాగం ఉన్నదన్నది. అది ఆదరణీయమైన తీర్పు. కాని అది ఒక హైకోర్టు తీర్పేగాని దేశమంతటికీ పార్లమెంటు చేసిన శాసనం కాదు.

కనుక జాగ్రత్త కొనుగోలు నాడే పడాలి. దస్తావేజులో ఇద్దరి పేర్లు, ఎవరి వాటా ఎంతో స్పష్టంగా వ్రాయించడం అన్నిటికన్న మేలు. ఉమ్మడి సొమ్ముతో ఇద్దరి పేర కొని వాటాలు వ్రాయకపోతే, 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలోని 45వ సెక్షను ప్రకారం ఎవరి పెట్టుబడి ఎంతో దానినిబట్టి వాటా నిర్ణయమవుతుంది. ఋజువు లేనప్పుడు సమాన వాటాలుగా భావిస్తారు. ఋణపత్రంపై సహ ఋణగ్రస్తురాలిగా సంతకం చేసినంత మాత్రాన భార్యకు యాజమాన్యం రాదు; బాధ్యత మాత్రం వస్తుంది.

తన సక్రమాదాయంతో జీవిత భాగస్వామి పేర ఇల్లు కొనడం బేనామీ నేరం కాదు. అయినను, ఆ ఇల్లు నిజానికి తనదేనని తరువాత వాదించే వ్యక్తిపైనే దానిని నిరూపించే భారం ఉంటుంది.

అమ్మేవారి సంసారాన్నీ చూడాలి

కొనేవారు లింకు దస్తావేజులు, ఈసీ చూసి తృప్తిపడతారు. ఈసీలో కనిపించేవి రిజిస్టరైన లావాదేవీలే; అమ్మేవారి ఇంటి తగాదాలు సాధారణంగా అందులో ఎక్కవు. ఆ ఆస్తిపై హక్కు విషయమై దావా నడుస్తుండగా కొన్నవారు ఆ దావా ఫలితానికి కట్టుబడవలసిందే. జీపీఏ ద్వారా జరిగే అమ్మకం యాజమాన్యాన్ని బదిలీ చేయదని సుప్రీంకోర్టు 2011లో తేల్చి చెప్పింది.

పిత్రార్జితమైన ఆస్తి అయితే ఆడపిల్లల సంగతి విచారించాలి. సమష్టి కుటుంబపు ఆస్తిలో కుమార్తెలకు సమాన హక్కు కల్పిస్తూ ఆంధ్రప్రదేశ్ 1986లోనే చట్టం చేసింది. అయితే అప్పటికే వివాహమైనవారికి అది వర్తించలేదు. 2005 నాటి కేంద్ర సవరణ ఆ భేదాన్ని తొలగించింది. పసుపు కుంకుమల క్రింద ఏదో ఇచ్చాము, ఆమెకు ఇక హక్కు లేదన్న అన్నదమ్ముల మాట నమ్మి కొనరాదు. అక్కచెల్లెళ్ళ సంతకాలు కూడా అడగాలి.

నివాస హక్కు

ఇల్లు భార్య పేర లేకున్నా ఆమె వీధిన పడవలసిన పని లేదు. 2005 నాటి గృహహింస నిరోధక చట్టం ఆమెకు కాపురమున్న ఇంట నివసించే హక్కునిచ్చింది. ఆ ఇల్లు అత్తమామలదైనప్పటికీ ఈ హక్కు వర్తించవచ్చునని సుప్రీంకోర్టు 2020లో చెప్పింది. అయితే ఇది నివసించే హక్కేగాని అమ్ముకునే హక్కు కాదు.

అదే ఏడాది మరొక తీర్పులో, మనోవర్తి వ్యాజ్యాలలో ఉభయులూ ఆస్తులు, అప్పులు తెలుపుతూ ప్రమాణపత్రం దాఖలు చేయాలని ఆ న్యాయస్థానం ఆదేశించింది. ఆదాయం దాచేవారికి ఇది గట్టి అడ్డు.

రాజీ కుదిరిననాడు

పరస్పర అంగీకారంతో విడాకులు కోరేవారు కనీసం ఏడాదిపాటు వేరుగా ఉండి ఉండాలి. పిటిషను వేసిన తరువాత ఆరు నెలలు ఆగాలన్న నియమాన్ని తగిన సందర్భాలలో న్యాయస్థానం సడలించవచ్చునని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. తొందరలో చాలామంది మరచిపోయేది ఇంటి సంగతే. ‘ఇల్లు భార్యకు’ అని రాజీపత్రంలో వ్రాసుకుని ఊరుకోరాదు. తగిన దస్తావేజు రిజిస్టరు చేయించాలి. ‘ఇకపై వాయిదాలు భర్తే కడతాడు’ అన్న ఒప్పందం బ్యాంకును బంధించదు. అతడు కట్టకపోతే బ్యాంకు ఆమెను అడగగలదు. కనుక ఋణపత్రం నుంచి ఆమె పేరు తొలగించేందుకు బ్యాంకు వ్రాతపూర్వక సమ్మతి తీసుకోవాలి. ఆమె నగలు, పుట్టింటివారు ఆమెకిచ్చిన వస్తువులు స్త్రీధనమే. అవి బేరంలో భాగం కావు. వాటి జాబితా విడిగా వ్రాసి, అప్పగింతకు రసీదు పుచ్చుకోవడం మంచిది.

న్యాయవాదికి ఇచ్చుకోలేని స్థితి ఉన్నా వెనుకాడనక్కరలేదు. 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం స్త్రీలు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయానికి అర్హులు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. కాగితంపై సంతకం చేయక ముందే అక్కడికి వెళ్ళడం ఉత్తమం.