ఊరికి ఇల్లా, సెలవులకు విడిదా?
ఇంగ్లండ్ పల్లెలో ఓ కుటుంబం తరాల నాటి ఇంటిని అమ్మకానికి పెడితే, అది ఆ కుటుంబపు సొంత వ్యవహారమే అనడం సగం నిజం. కాట్స్‌వోల్డ్స్‌లో తేనెరంగు సున్నపురాతి గోడలున్నా, కార్న్‌వాల్‌లో సముద్రం కనిపించే కిటికీ ఉన్నా చాలు, నగరం డబ్బు వచ్చి వాలుతుంది. ఊళ్లో పనిచేసే నర్సు, వడ్రంగి, బడిపంతులు ఆ ధర దరిదాపులకు పోలేరు. కొన్నవాళ్లలో కొందరు సెలవులకే వస్తారు. మిగతా రోజులు తలుపుకు తాళం. పిల్లలు లేక బడి, గిరాకీ లేక పబ్బు, ఎక్కేవాళ్లు లేక బస్సు కష్టాల్లో పడతాయి. కార్న్‌వాల్‌లోని సెయింట్ ఐవ్స్ 2016లో ఓటింగు పెడితే, కొత్తగా కట్టే ఇళ్లు అక్కడే కాపురముండేవారికే దక్కాలని 80 శాతానికి పైగా తీర్పిచ్చారు. మంచి మాటే, కానీ పాత ఇళ్లకు అది వర్తించదు. 2025 ఏప్రిల్ నుంచి ఇంగ్లండ్‌లోని స్థానిక కౌన్సిళ్లు రెండో ఇంటిపై కౌన్సిల్ పన్నును రెట్టింపు చేయవచ్చు. కలవారికి అది చీమకుట్టినంత. దారి మాత్రం చట్టంలోనే ఉంది. జాతీయ పార్కుల్లో, కాట్స్‌వోల్డ్స్ వంటి రక్షిత ప్రాంతాల్లో కౌన్సిల్ తన అద్దె ఇళ్లను అమ్మినప్పుడు, కొన్నవారు వాటిని మూడేళ్లుగా ఆ ప్రాంతంలో ఉంటున్న లేదా పనిచేస్తున్నవారికే మళ్లీ అమ్మాలని షరతు పెట్టే వీలు 1985 గృహ చట్టం ఇచ్చింది. తాళాలు పెరిగిపోతున్న ఊళ్లలో అలాంటి షరతును పాత ఇళ్లకూ పెట్టాలి. అమ్మేవారికి నాలుగు పౌండ్లు తగ్గుతాయి, నిజమే. ఆ ఇంటికి అంత ధర తెచ్చిపెట్టింది చుట్టూ ఉన్న ఊరే కనుక, ఊరికి ఆపాటి హక్కు ఉండాల్సిందే.