ఏ కణం పెరిగిందో అడగండి

తమిళనాడులోని బోడినాయకనూరులో జ్వరం నాలుగు రోజులు విడవకపోతే రక్తపరీక్ష చేయిస్తారు. రిపోర్టు రాగానే అందరి కళ్ళూ ఒక్క అంకె మీదే: తెల్ల కణాల మొత్తం. 11,000 దాటిందా, 'ఇన్ఫెక్షన్, యాంటీబయాటిక్ పడాలి'. 4,000కు దిగిందా, 'ఒంట్లో శక్తి పోయింది, కౌంటు పెంచాలి'. ఇంట్లో తెలుగు, బజారులో తమిళం మాట్లాడే మనవాళ్ళు రెండు భాషల్లోనూ ఇదే నమ్ముతున్నారు. ఈ నమ్మకం తప్పు.

కౌంటు ఎక్కువైతే బలమనుకుంటే, ల్యుకేమియాలో అది లక్ష దాటినా రోగి చిన్న ఇన్ఫెక్షన్‌కే ఎందుకు కూలిపోతాడు? అవి పనికొచ్చే కణాలు కావు గనక. స్టెరాయిడ్ మాత్రలు వాడినా కౌంటు పెరుగుతుంది, బ్యాక్టీరియా లేకుండానే. డెంగ్యూలో పడిపోతుంది, వైరస్ తగ్గాక దానంతటదే కోలుకుంటుంది. పెంచే మాత్రలతో పనే లేదు.

తెల్ల కణాలన్నీ ఒకే జాతి కావు. బ్యాక్టీరియాను మింగేవి ముఖ్యంగా న్యూట్రోఫిళ్ళు; చీములో ఎక్కువగా ఉండేవి చచ్చిన ఆ కణాలే. లింఫోసైట్లలో బి రకం యాంటీబాడీల కోసం, టి రకంలో కొన్ని వైరస్ పట్టిన కణాలను చంపడం కోసం. మోనోసైట్లు కణజాలంలోకి వెళ్ళి మాక్రోఫేజ్‌లై చచ్చిన కణాలను ఎత్తేస్తాయి. బేసోఫిళ్ళు నూటికి ఒకటి కూడా ఉండవు.

ఇక ఇయోసినోఫిల్. లీష్మన్ రంగు వేసిన రక్తపు పూతలో చూస్తే రెండు తమ్మెల కేంద్రకం, చుట్టూ నారింజ ఎరుపు రేణువులు. దాని విలువ ఏమిటో మదనపల్లె చూపించింది. అక్కడి ఆరోగ్యవరం క్షయ శానటోరియం నుంచి వైద్యులు ఫ్రిమోట్-మోలర్, బార్టన్ 1940లో ఒక వింత జబ్బును వర్ణించారు: ఎక్స్‌రే చూస్తే క్షయలాగే ఉంది, క్షయ మాత్రం కాదు, రక్తం నిండా ఇయోసినోఫిళ్ళు. 1943లో వైన్‌గార్టెన్ అనే వైద్యుడు దీన్ని ట్రాపికల్ ఇయోసినోఫీలియా అన్నాడు. ఫైలేరియా పురుగు పిల్లల మీద శరీరం చూపే తీవ్ర ప్రతిచర్యే దీనికి మూలమని తర్వాత తేలింది. ఈ జబ్బులో రాత్రిళ్ళు దగ్గు వస్తుంది, మొత్తం కౌంటూ పెరుగుతుంది. ఆ అంకెనే నమ్మి యాంటీబయాటిక్ మింగిస్తే రాత్రి దగ్గు రాత్రి దగ్గుగానే ఉంటుంది, తగ్గించేది డైఇథైల్‌కార్బమజీన్ అనే ఫైలేరియా మందు.

ఏ రకం కణం ఎంత ఉందో చెప్పే శాతాలు ఒక్కటే జబ్బు తేల్చవు, నిజమే, లక్షణాలూ చూడాలి. కానీ ఆ శాతాలు రిపోర్టులోనే, మొత్తం అంకె కిందే ఉంటాయి. ఏలకుల తోటలో పొద్దంతా పనిచేసి జీపు దిగే కూలీ మహిళ తన ఒకరోజు కూలిని అక్కరలేని మాత్రలకు ఎందుకు పోయాలి? ఏ కణం పెరిగిందో ఆమెకు చదివి చెప్పకుండా యాంటీబయాటిక్ చేతిలో పెట్టడం వైద్యం కాదు.