వేళ్ళను నిందించే ముందు గిటారును చూడండి

యాభై దాటిన తరువాత గిటారు నేర్చుకోవాలని ఎవరైనా ముచ్చటపడితే మన ఇళ్ళలో వినిపించే మొదటి మాట "ఈ వయస్సులో ఎందుకండీ?" అన్నది. రెండవ మాట మూడు వారాల తరువాత, వ్రేళ్ళ కొసలు మండుతున్నప్పుడు వస్తుంది: "చెప్పానా, మీ వేళ్ళకు ఇవన్నీ పడవని!" మొదటి మాటను నవ్వి ఊరుకోవచ్చు. రెండవ మాటతోనే వైద్యునిగా నాకు పేచీ. ఎందుకంటే అది రోగనిర్ధారణ. అందునా, పరీక్ష చేయకుండా చేసిన రోగనిర్ధారణ. నేను చూసినంతలో, కొత్తగా గిటారు పట్టినవారి నొప్పికి కారణం వారి వయస్సో, కీళ్ళో, చక్కెర వ్యాధో అయిన సందర్భాల కంటె వారి చేతిలోని గిటారే కారణమైన సందర్భాలు ఎక్కువ. గిటారును సరిచేయించకుండా మనిషిని మాన్పించడం అన్యాయమని నా అభిప్రాయం.

పదవీ విరమణకు కొంతకాలం ముందు, ఉద్యోగం నుండి విశ్రాంతి తీసుకున్న ఒక ప్రధానోపాధ్యాయులు నా వద్దకు వచ్చారు. పన్నెండేళ్ళుగా మధుమేహం ఉన్నవారు. గిటారు మొదలుపెట్టి నెల అయింది. ఎడమ మణికట్టు లాగుతోంది, వేలి కొసలు తాకితే మంట. "సుగర్ నరాల మీదికి వచ్చినట్లుంది, మానేయమంటారా డాక్టరుగారూ?" అని అడిగారు. పాదాల స్పర్శజ్ఞానం పరీక్షించాను, బాగానే ఉంది. మధుమేహం వలన నరాలు దెబ్బతినడం సాధారణంగా పాదాలలో మొదలై, చాలాకాలానికి గాని చేతులకు రాదు. అందుకని మందులు వ్రాయక, మరుసటి రోజు గిటారు తెమ్మన్నాను. పన్నెండవ ఫ్రెట్ వద్ద, లావుపాటి తీగకూ ఫ్రెట్‌కూ మధ్య స్కేలు పెట్టి చూస్తే నాలుగున్నర మిల్లీమీటర్లు ఉంది. ఉక్కు తీగల గిటారుకు అక్కడ ఉండవలసినది సుమారు రెండు నుండి రెండున్నర మిల్లీమీటర్లు. అంటే ఆయన ప్రతి స్వరానికీ తీగను దాదాపు రెట్టింపు దూరం అణుస్తున్నారు. వాద్యాలు బాగుచేసే వ్యక్తి బ్రిడ్జి మీది దిమ్మెను అరగదీసి, సన్నని తీగలు వేసి ఇచ్చాడు. మణికట్టు లాగడం పదిహేను రోజులలో తగ్గింది. ఆ వైద్యంలో నా పాత్ర స్కేలు పట్టుకోవడమే.

ఈ ఎత్తును గిటారు వారి భాషలో 'యాక్షన్' అంటారు. అది ఎందుకు పెరుగుతుందో తెలిస్తే సగం భయం పోతుంది. ఉక్కు తీగల గిటారులో ఆరు తీగలూ కలిసి సుమారు డెబ్బై కిలోల బలంతో రెండు చివరలనూ లాగుతూ ఉంటాయి. అంటే ఒక పెద్దమనిషి బరువు, రాత్రింబవళ్ళు, మూడు మిల్లీమీటర్ల మందం ఉన్న చెక్కపలక మీద. నైలాన్ తీగల గిటారులో ఇది దాదాపు సగమే. ఆ లాగుడుకు మెడ ముందుకు వంగుతుంది, పలక పొంగుతుంది, తీగలు పైకి లేస్తాయి. చౌకరకం గిటార్లు చాలావరకు దుకాణానికే యాక్షన్ ఎత్తుగా వస్తాయి. తీగలు గరగరలాడితే కొనేవాడు వెంటనే పట్టుకుంటాడు. ఎత్తుగా ఉంటే తన వేళ్ళనే అనుమానించుకుంటాడు. దుకాణదారుకు ఏది లాభమో వేరే చెప్పనక్కరలేదు.

మన వీణ విషయంలో ఈ వివేకం మనకు ఎప్పటినుండో ఉంది. తేనెమైనంలో బొగ్గుపొడి కలిపి, ఆ మేళం మీద ఇరవైనాలుగు మెట్లను చెవితో సరిచూస్తూ అమరుస్తారు. ఎండకు మైనం కదిలితే మళ్ళీ మేళం కట్టిస్తారు. బొబ్బిలి వీణ తెచ్చుకున్న ఇల్లాలు మెట్టు కదిలితే "నా చేతిలో సంగీతం లేదు" అనుకోదు; మేళం కట్టేవారికి కబురు పెడుతుంది. గిటారుకూ అటువంటి పనే ఉంది. దానిని 'సెటప్' అంటారు. కొత్త గిటారు కొన్న వారంలోనే చేయించవలసిన పని అది. మెడలో ఉండే ట్రస్ రాడ్ అనే ఇనుప కడ్డీని మాత్రం వీడియోలు చూసి మీరు త్రిప్పకండి. నైలాన్ గిటార్లలో చాలావాటికి ఆ కడ్డీయే ఉండదు.

మీ గిటారును మీరే అనుమానించడానికి ఒక సులువైన పరీక్ష చెబుతాను. నేర్చుకునేవారిలో ఎక్కువమంది ఎఫ్ కార్డు దగ్గర ఆగిపోతారు. చూపుడు వేలిని మొదటి ఫ్రెట్ వద్ద తీగలన్నింటి మీద అడ్డంగా వేయాలి. ధ్వని రాదు, బొటనవేలి మొదలు నొప్పి పుడుతుంది. అదే ఆకారాన్ని ఐదవ ఫ్రెట్ వద్ద పట్టి చూడండి. తల దగ్గర తీగ ఎప్పుడూ కొంచెం బిర్రుగానే ఉంటుంది గనుక కొద్ది తేడా సహజం. కాని అక్కడ తేలికగా పలికి, ఇక్కడ ఎంత నొక్కినా పలకకపోతే తలవద్ద తీగలు దిగే గాడులు ఎత్తుగా ఉన్నాయని అనుమానించాలి. అది ఆకురాయితో పది నిమిషాల పని. ఆ పది నిమిషాల పని చేయించక గిటారును అటక ఎక్కించినవారు ఎందరో.

ఇక నొప్పి సంగతి. అన్ని నొప్పులూ ఒకటి కావు. వేలి కొస చర్మం మండడం సహజం. రెండు మూడు వారాలలో అక్కడ చర్మం గట్టిపడి కాయలు కాస్తాయి. నాగలి పట్టిన చేతికీ, రోకలి పట్టిన చేతికీ కాసినవే. బొబ్బ లేచిన రోజున విరామం ఇవ్వండి, చిదపకండి. కాని మణికట్టులో, ముంజేతిలో, బొటనవేలి మొదట్లో పుట్టే నొప్పి వేరు. అది సాధన కాదు, హెచ్చరిక. మణికట్టును బాగా వంచి గట్టిగా నొక్కితే అక్కడి ఇరుకు మార్గంలో వెళ్ళే మీడియన్ నరం మీద ఒత్తిడి పెరుగుతుంది. బొటనవేలు, చూపుడు వేలు, మధ్యవేలు తిమ్మిరెక్కి, రాత్రి నిద్రలో మెలకువ వచ్చి చేయి విదిలించుకోవలసి వస్తే అది కార్పల్ టన్నెల్ లక్షణం. థైరాయిడ్ లోపం ఉన్నవారిలోను, మధుమేహం ఉన్నవారిలోను ఇది ఎక్కువ. వంచిన వేలు ఇరుక్కుపోయి టక్కుమని తెరుచుకునే ట్రిగ్గర్ ఫింగర్, భుజం పట్టేయడం కూడ మధుమేహులను తరచుగా బాధిస్తాయి. ఇవి ఉన్నవారు గిటారు ముట్టకూడదని నేను అనను. నైలాన్ తీగలతో, పది పదిహేను నిమిషాల చొప్పున రోజుకు రెండు సార్లు మొదలుపెట్టమంటాను. లక్షణాలు పెరుగుతుంటే వైద్యుని చూడమంటాను. మధుమేహం ఉన్నవారు కాయలు పగలకుండా చూసుకోవాలి. పగిలితే పాదం మీది గాయాన్ని చూసినంత శ్రద్ధగా చూడాలి.

"రక్తం కారినా వాయించినవాడే కళాకారుడు" అనే వీరగాథలు చెప్పే శిక్షకులంటే నాకు గౌరవం తక్కువ. ఫ్రెట్‌కు సరిగ్గా వెనుక, ఆనుకొని నొక్కితే కొద్ది బలం చాలు. దూరంగా నొక్కితే ఎంత బలమైనా చాలదు. తీగను నెమ్మదిగా వదులుతూ, ధ్వని చెడేంతవరకు ఎంత తక్కువ బలం సరిపోతుందో ఒక్కసారి మీరే కనుక్కోండి. ఆశ్చర్యపోతారు. బలాన్ని ఆదా చేయడం నేర్పనివాడు గిటారు నేర్పుతున్నట్లు కాదు. పిల్లల విషయంలో ఇది మరింత నిజం. ఎనిమిదేళ్ళ బిడ్డకు "ఎదుగుతాడు కదా" అని పెద్ద సైజు ఉక్కు తీగల గిటారు కొనడం పదేళ్ళ తరువాతి చెప్పులు ఇప్పుడే తొడిగించడం వంటిది. సగం సైజు, ముప్పావు సైజు గిటార్లు నైలాన్ తీగలతో దొరుకుతాయి.

చేయి నిజంగానే దెబ్బతిన్నవారి చరిత్ర కూడ ఒకసారి గుర్తుచేసుకుందాము. జాంగో రైన్‌హార్ట్ 1928లో తన బండి ఇల్లు తగలబడినప్పుడు ఎడమచేతి ఉంగరపు వేలు, చిటికెన వేలు దాదాపు పనికిరాకుండా పోగొట్టుకున్నాడు. మిగిలిన రెండు వేళ్ళతో స్వరమాలికలు అల్లి జాజ్ గిటారు వాదనానికే కొత్త దారి వేశాడు. బర్మింగ్‌హామ్ వాసి టోనీ అయోమీ ఎడమచేతి వాటం వాడు. లోహపు రేకుల కర్మాగారంలో కుడిచేతి రెండు వేళ్ళ కొసలు యంత్రంలో తెగిపోయాయి. ప్లాస్టిక్ సీసా కరగించి వేళ్ళకు తొడుగులు చేసుకున్నాడు, సన్నని తీగలు వేసుకున్నాడు, తరువాత శ్రుతినే దించి తీగలను వదులు చేసుకున్నాడు. వారి ప్రతిభ మనకు లేకపోవచ్చు. కాని ఒకరు పద్ధతిని మార్చుకున్నారు, మరొకరు వాద్యాన్ని మార్చుకున్నారు. ఈ రెండూ మనకు అందుబాటులో ఉన్నవే.

ఈ సందర్భంలో ఒక మాట. గిటారు వాయిస్తే మతిమరుపు రాదనీ, రక్తపోటు మాత్రలు మానేయవచ్చుననీ ఫోన్లలో తిరిగే సందేశాలను నమ్మకండి. వాద్యం నేర్చుకునేవారిలో చదువు, తీరిక, ఆరోగ్యం ముందునుండే ఎక్కువగా ఉండవచ్చు. దేని ఫలితం ఏదో విడదీయడం కష్టం. సంతోషం కోసం నేర్చుకోండి, మాత్రలు వేసుకుంటూ నేర్చుకోండి.

వాద్యాన్ని చూసుకోవడం కూడ చేతిని చూసుకోవడమే. కొయ్య తేమను పీల్చి ఉబ్బుతుంది, పొడి గాలికి కుంచించుకుంటుంది. గిటారుకు హాయి అయిన తేమ నలభైఐదు నుండి యాభైఐదు శాతం. విశాఖపట్నం, కాకినాడ వంటి సముద్రతీరపు ఊళ్ళలో తేమ అంతకంటె బాగా ఎక్కువ. పలక ఉబ్బి యాక్షన్ పెరుగుతుంది, ఉప్పుగాలికి తీగలు త్రుప్పు పడతాయి. కర్నూలు, రామగుండం వేసవిలో ఇందుకు విరుద్ధం. కొయ్య కుంచించి ఫ్రెట్ల అంచులు బయటికి పొడుచుకువచ్చి అరచేతిని గీస్తాయి, ఒక్కొక్కప్పుడు పలకే చీలుతుంది. రాత్రంతా ఏసీ నడిచే గదిలో గాలి పొడిబారుతుంది గనుక అక్కడ గిటారును గోడకు వ్రేలాడదీయక పెట్టెలో పెట్టండి. తీరప్రాంతం వారు ఆ పెట్టెలోనే నాలుగు సిలికా పొట్లాలు వేయండి, రంగు మారినప్పుడు మార్చండి. తేమను చూపే చిన్న మీటరు ఒకటి పెట్టెలో ఉంటే ఊహాగానాలు అక్కరలేదు. ఏప్రిల్ ఎండలో మూసిన కారులో మాత్రం గిటారును వదలకండి. జిగురు మెత్తబడి బ్రిడ్జి ఊడి వస్తుంది. కారులో పసిపిల్లను వదలని మనిషి గిటారును ఎలా వదులుతాడో నాకు అర్థం కాదు.

మెరుస్తుందని కొబ్బరినూనె, వంటనూనె పూసేవారున్నారు. ఆ నూనెలు కొయ్య రంధ్రాలలో ముక్కిపోయి జిడ్డును, దుమ్మును పట్టి ఉంచుతాయి. వాయించిన తరువాత పొడి నూలుగుడ్డతో తీగలను పైనా క్రిందా తుడవడం చాలు. చెమటలోని ఉప్పే తీగకు శత్రువు. త్రుప్పు పట్టిన తీగ గరుకై, కాసిన కాయలను చీల్చుతుంది. కొన్ని వందల రూపాయలకు కొత్త జత వస్తుంది. రోజూ వాయించేవారు రెండు మూడు నెలలకొకసారి మార్చుకోవాలి. తీగ ముట్టిన వేళ్ళు దురదపెట్టి ఎర్రబడితే నికెల్ సరిపడకపోవడం కావచ్చు. నికెల్ లేని ఫాస్ఫర్ బ్రాంజ్ తీగలను, వాటిలో సన్నని తీగలకు పూత ఉన్నవాటిని అడిగి చూడండి.

చివరగా గోళ్ళు. ఎడమచేతి గోరు మాంసాన్ని దాటి ఉంటే వేలు నిలువుగా దిగదు, పక్కకు వాలుతుంది, మణికట్టు వంకర తిరుగుతుంది. వారానికొకసారి తీసుకోవాలి. మంగళవారం, శుక్రవారం గోళ్ళు తీయనివ్వని ఇళ్ళలో ఇంకా ఐదు రోజులు మిగిలే ఉన్నాయి.